కేతులోకం చదివిన చలికాలం

నేను కాపురానికి వచ్చిన ఏడాది చలికాలమంతా మా అత్తగారింట్లో కేతులోకం గురించే వాదన. కేతులోకమంటే రెండు సూర్యుళ్ళ నడుమ తిరిగే ఒక గ్రహం. అక్కడి మనుషులు ఇనుపరంగులో ఉంటారు. ఆకాశనౌకలెక్కి యుద్ధాలకు పోతారు. మాట తప్పినవాడిని మనిషిగా లెక్కపెట్టరు. ఒక వారపత్రికలో సీరియల్‌గా వచ్చేది ఆ కథ. మోత్కూరు పక్కన ఒక పల్లెలో, నేతపని చేసే సాలోళ్ళ ఇంట్లో, ఎవరూ చూడని గ్రహం మీద ఒక తండ్రి కొడుకును వెళ్ళగొట్టడం న్యాయమా అన్యాయమా అని నెలల తరబడి కొట్లాడుకున్నారంటే మా మనవరాళ్ళు నమ్మరు. నవ్వుతారు కూడా.

పంతొమ్మిది వందల అరవై ఒకటి, దసరా దాటిన రోజులు. నాకు పద్దెనిమిదేళ్ళు. నల్లగొండలో మేనత్త ఇంట్లో ఉండి ఎనిమిదో తరగతి దాకా చదువుకున్నాను. ఆ ఇంట్లో అంత చదివినవాళ్ళు ఆడవాళ్ళలోనూ లేరు, మగవాళ్ళలోనూ లేరు. చిట్యాలలో సోడాల దుకాణం పెట్టుకున్న మా అన్న, తాను చదివేసిన పత్రికలను కట్టగట్టి మోత్కూరు బస్సులో వేసేవాడు. శనివారం నేసిన బట్ట ఇచ్చి రావడానికి మోత్కూరు పోయే మా ఆయన, ఆ కట్టను సంకన పెట్టుకుని వచ్చేవాడు.

కొత్త కోడలు మామ ముందర కూర్చోవడం అప్పట్లో లేదు. మగ్గాల సావిడికీ లోపలి అర్రకూ నడుమ తలుపు ఉండేది. నేను ఆ తలుపు వెనక కూర్చుని చదివేదాన్ని. మొదట్లో లాల్ బీ కోసమే చదివాను. ఆమె మా పక్కింటామె. భర్త లేడు. మాకు కూలికి నూలు కండెలు చుట్టేది. రాట్నం తిప్పుతూ "ఆ, తర్వాత?" అంటూ ఉండేది. మూడో రోజో నాలుగో రోజో సావిడిలో మామ మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడె ఆగింది.

"కోడలా, జర గట్టిగ సదువు. నాడె సప్పుల్ల ఇనవడ్తలేదు," అన్నాడు.

మామ పేరు మార్కండయ్య. పొడుగు మనిషి, తక్కువ మాట. కులంలో తగువు వస్తే ఆయన చెప్పిందే తీర్పు. ఆయన పక్క మగ్గం ఆయన తమ్ముడు అంజయ్యది. ఆయన నాకు చిన్నమామ. మూడోది మా ఆయనది. నాలుగో మగ్గం మీద గోనెపట్టా కప్పి ఉండేది. పెద్దకొడుకు షోలాపూర్ మిల్లులో పని చేస్తాడని మా పెళ్ళి మాటలప్పుడు చెప్పారు. ఆయనదే అయి ఉంటుందనుకుని నేను అడగలేదు.

పదకొండో భాగంలో అసలు సంగతి వచ్చింది. కేతులోకపు సేనాని విక్రాంతుడు. ఆయన కొడుకు అరుణాంశుడు. సరిహద్దు దాటిన శత్రువుల నౌకను కాల్చి బూడిద చెయ్యమని తండ్రి ఆజ్ఞ. కొడుకు దగ్గరికి పోయి చూస్తే ఆ నౌకలో సైనికులు లేరు. ముసలివాళ్ళు, పాలు తాగే పిల్లలు ఉన్నారు. వదిలేస్తాడు. అక్కడితో ఆగినా బాగుండేది. నౌక ఎట్లా తప్పించుకుందని పెద్దలు నిండు సభలో అడిగితే, "తప్పించుకోలేదు, నేనే వదిలాను," అంటాడు. వంశమంతా తలవంచుకుంటుంది. తండ్రి లేచి, కొడుకు భుజం మీది వంశముద్రను తెంపి నిప్పుల్లో వేసి, "ఈ పేరుగలవాడు మా ఇంట పుట్టలేదు. ఈ పేరు మా ఇంట ఇక వినపడదు," అంటాడు.

నేను ఊపిరి పీల్చుకోవడానికి ఆగాను.

"థూ! గాయిన తండ్రేనా?" అంది లాల్ బీ.

"నీకేం ఎరుక లాల్ బీ," అన్నాడు మామ. "సేనాని కొడుకే మాట ఇనకపోతే రేపు సిపాయి ఇంటడా?"

"పసిపోరగాండ్లను కాలవెట్టుమంటె కాలవెడ్తడా అన్నా? గట్లాంటి కొడుకును కంటె నేనే బాయిల దుంకుదును."

"సరే, వదిలిండు. వదిలితే వదిలిండు. తప్పించుకపోయిందనొచ్చు గదా? ఒక్క మాట! గా ఒక్క మాటతోని ఇంటి ఇజ్జత్ నిలుస్తుండె. నిండు సభల, కన్నతండ్రి మొఖం మీద, నేనే వదిలిన అని జెప్పాల్నా?"

నా నోరు ఊరుకోలేదు. తలుపు వెనక నుంచే, "ఉన్నది ఉన్నట్టు జెప్పుడు తప్పెట్లయితది మామా?" అన్నాను.

మూడు మగ్గాలూ ఒక్కసారే ఆగాయి. పొయ్యి దగ్గర పడుగుకు పెట్టే గంజి కలుపుతున్న మా అత్త చెయ్యి కూడా ఆగింది. మా ఆయన తలుపు సందులోంచి నా వైపు చూసి, వద్దన్నట్టు కళ్ళతోనే చెప్పాడు. చిన్నమామ మగ్గం గుంటలోంచి లేచి, తువ్వాల భుజాన వేసుకుని బయటికి పోయాడు.

"ఇయాల్టికి సదువుడు సాలు," అన్నాడు మామ.

తెల్లవారి బావి దగ్గర అత్త బిందె కింద పెట్టి, అటూ ఇటూ చూసి చెప్పింది.

"నా పెద్దకొడుకు షోలాపూర్ల లేడు బిడ్డా. నార్కట్‌పల్లిల ఉన్నడు. బషీరని ఒక సాయబు, లారీ టైర్ల దుకాణం. గాయిన తాన పనిజేస్తుండు."

ఆరేళ్ళ కింద కల్లు మండువ దగ్గర మాటామాటా పెరిగి చిన్నమామ అంజయ్య, కల్లుగీసే గౌండ్ల కాటమయ్య మీద కర్ర ఎత్తాడట. కాటమయ్య కుడికన్ను పోయింది. అక్కడ ఉండి చూసినవాళ్ళందరూ మా కులంవాళ్ళే. మామ అందరినీ కూర్చోబెట్టి "మనమెవ్వలం ఏం సూడలే," అన్నాడు. అందరూ తలూపారు. నల్లగొండ కోర్టు కచేరీలో వరసగా అట్లనే గవాయి, అంటే సాక్ష్యం, చెప్పారు. పెద్దకొడుకు వంతు వచ్చినప్పుడు మాత్రం, "మా చిన్నాయిన కొట్టిండు, నేను సూసిన," అన్నాడు. చిన్నమామకు ఎనిమిది నెలల జైలు పడింది. కచేరీ నుంచి వచ్చిన కొడుకును మామ గడప తొక్కనివ్వలేదు. ఆ పేరు ఇంట్లో ఎవరూ ఎత్తవద్దన్నాడు.

"ముగ్గురు పిల్లలు పోయినంక పుట్టిండు వాడు," అంది అత్త. "ఐదిండ్లల్ల గింజలు బిచ్చమడుక్కొచ్చి, బతకాలెనని గా పేరు పెట్టుకున్న. అడుక్కొచ్చుకున్న పేరు బిడ్డా. ఆరేండ్లాయె నేను నోరార పిలిశి."

తరువాత నా చెవి దగ్గరికి వంగి ఆ పేరు చెప్పింది. భిక్షం. చెప్పి, ఎవరో విన్నట్టు వెంటనే బిందె ఎత్తుకుంది.

ఇక చదవడం ఉండదనుకున్నాను. కానీ ఆ శనివారం మా ఆయన కట్ట తెచ్చి గూట్లో పెడితే, సాయంత్రం దాకా చూసి మామే అడిగాడు. "పన్నెండో భాగం రాలేదా?"

వచ్చింది. చదివాను. అందులో తండ్రీకొడుకుల సంగతే లేదు, నౌకలు, నక్షత్రాలు, తోకచుక్కలు. మామకు తృప్తి కాలేదు. "ఇంకేమన్న ఉన్నదా గండ్ల?" అన్నాడు. చివరి పుటలో పాఠకుల ఉత్తరాలున్నాయి. మహబూబ్‌నగర్ నుంచి ఒక బడిపంతులు రాశాడు. విక్రాంతుడు సేనాని కావచ్చు గాని తండ్రి కాడనీ, రాతికి కవచం తొడిగితే ఆయనే అవుతాడనీ.

మామ ఆ ఉత్తరాన్ని ఆ రోజు రెండుసార్లు, తెల్లవారి ఇంకోసారి చదివించుకున్నాడు. మూడో రోజు పొద్దున్నే, "కాయిదం తెచ్చుకో కోడలా. నేను జెప్త, నువ్వు రాయి," అన్నాడు.

ఆయన మగ్గం గుంటలో ఉండి చెప్పాడు. నేను తలుపు వెనక ఉండి రాశాను. చెప్పేది ఆయన ఇంటి మాటల్లో, రాసేది నేను బడిలో నేర్చుకున్న భాషలో. మధ్యలో చదివి వినిపిస్తే "గట్ల నేనన్ననా?" అనేవాడు. "పత్రికల గట్లనే రాస్తరు మామా," అనేదాన్ని. మూడు వారాలకు అది అచ్చయింది. నాకు ఇప్పటికీ నోటికి వచ్చు.

"మహబూబ్‌నగర్ పాఠకునికి మనవి. ఇల్లు పడుగు వంటిది. ఒక్క పోగు తెగితే బట్ట అంతా గుంజుకపోతుంది. తెగిన పోగును తీసి పారేసే నేతగానికి దాని మీద ప్రేమ లేదనుకోరాదు. బట్ట నిలవాలని తీస్తాడు. కొడుకును వెళ్ళగొట్టిన నాడు విక్రాంతుడు అన్నం తిన్నాడని రచయిత ఎక్కడా రాయలేదు. గమనించగలరు. మార్కండయ్య, చేనేత కార్మికుడు, మోత్కూరు దగ్గర."

ఊరిలో మామ పేరు మోగిపోయింది. మోత్కూరులో బట్టల సేటు కూడా ఆ ఉత్తరం గురించి అడిగాడని మా ఆయన వచ్చి చెప్పాడు. మామ పట్టనట్టే ఉన్నాడు గాని, ఆ సంచికను ఎవరినీ ముట్టనివ్వలేదు. లాల్ బీ మాత్రం వదలలేదు.

"అచ్చుల పడ్డంత మాత్రాన నిజమైతదా అన్నా?" అనేది. "గా పంతులు జెప్పిందే నా మాట."

"నీ పంతుల్ని మల్ల రాయమను, సూద్దాం."

పంతులు రాయలేదు. ఇంకొకరు రాశారు. చలి బాగా ముదిరిన రోజులు, డిసెంబరు చివర. మామ పక్కన నిప్పుల కుంపటి పెట్టుకుని నేస్తున్నాడు. ఆ వారం భాగం అయిపోయింది. నేను ఉత్తరాల పుట తిప్పి, ముందుగా చూసుకోకుండా చదవడం మొదలుపెట్టాను.

"విక్రాంతుని పక్షాన రాసిన చేనేత కార్మికునికి నమస్కారం. నేనూ మగ్గం గుంటలో పెరిగినవాడినే. ఇప్పుడు లారీ టైర్ల పనిలో ఉన్నాను. తెగిన పోగును నేతగాడు పారెయ్యడు. ముడివేస్తాడు. ఆ ముడి ఎట్లా వెయ్యాలో నా వేళ్ళు పట్టి నేర్పిన చేతులు నాకు ఇంకా గుర్తున్నాయి."

అక్కడికి నాకు అర్థమైంది. సావిడిలో నాడెలు ఆగిపోయాయి గనుక ఆపడానికి కూడా వీల్లేకపోయింది.

"మరొక మాట. ఏడో భాగంలో విక్రాంతుడు పసివాడైన అరుణాంశుణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, చూసింది చూసినట్టు చెప్పేవాడే మన వంశంవాడు అంటాడు. అరుణాంశుడు సభలో చేసింది తండ్రి నేర్పిన పనే. ఇద్దరిలో మాట తప్పింది ఎవరో పాఠకులే చెప్పాలి. వెళ్ళగొట్టిన నాడు తండ్రి అన్నం తినలేదన్నది నేను నమ్ముతాను. కొడుకు తిన్నాడని కూడా రచయిత ఎక్కడా రాయలేదు."

ఆపేశాను.

"ఎవలు రాసిండ్రు?" అన్నాడు మామ.

"నార్కట్‌పల్లి నుంచి మామా."

"పేరు లేదా?"

"ఉన్నది."

"ఉంటె సదువు."

"భిక్షం," అన్నాను.

అత్త పెరట్లోంచి తడిచేతులతో వచ్చి గుమ్మంలో నిలబడింది. నేను పిలిచాననుకున్నదో, ఎవరో వచ్చారనుకున్నదో తెలియదు. చిన్నమామ తన మగ్గం మీది బట్టను చూస్తున్నాడు. మామ నాడె పక్కన పెట్టి అన్నాడు.

"మల్ల సదువు."

"ఉత్తరమా మామా?"

"పేరు."

ఆ తరువాత పది పన్నెండు రోజులు మామ కేతులోకం ఊసెత్తలేదు. పోగు తెగినప్పుడల్లా, ముడి వేసేటప్పుడు ఆయన చెయ్యి కాస్త ఆలస్యం చేసేది. సంక్రాంతి దాటినాక ఒక మధ్యాహ్నం, "కాయిదం తెచ్చుకో," అన్నాడు. నేను తెచ్చుకున్నాను.

"రాయి. నార్కట్‌పల్లి పాఠకునికి. ముడి సంగతి నిజమే, ఒప్పుకుంటున్న. నేతగాండ్లు పారెయ్యరు. గని ఇంటి పెద్దకు ఒక్క కొడుకే గాదు, అందరు కావాలె. రాస్తున్నవా?"

"రాస్తున్న మామా."

"సొంత తమ్ముడు, పిల్లల తండ్రి, జైలుకు పోతాంటె, అన్న అన్నోడు సూసుకుంట కూసుండాల్నా? రాయి."

నా కలం ఆగింది. చెప్పకపోతే తప్పు, చెబితే తప్పు.

"మామా," అన్నాను. "కథల తమ్ముడు లేడు."

"లేడా?"

"లేడు. విక్రాంతుడు ఒక్కడే."

"అయితె కొట్టెయ్," అన్నాడు మామ మెల్లగా.

"కొట్టెయ్యకు బిడ్డా." అది చిన్నమామ గొంతు. ఆయన నన్ను ఉద్దేశించి మాట్లాడటం అదే మొదటిసారి. "అన్నా, కథల తమ్ముడు లేకపోతే లేకపాయె. ఈడ ఉన్న తమ్ముడు జెప్తుండు, ఇను. కాటమన్న కన్ను దీసింది గీ చెయ్యి. పోరడు సూసిండు, సూసింది జెప్పిండు. నేను కొట్టినందుకు జైలుకు పోయిన. వాడు జెప్పినందుకు గాదు."

"తమ్మీ, నువ్వు నేసుకో."

"జైలు నుంచి వచ్చినంక కాటమన్న ఇంటికి పోయి కాళ్ళు మొక్కిన. ఏం జేస్తవులే అంజన్నా అని కూసోబెట్టి కల్లు పోసిండు. కన్ను పోయినాయినకు పట్టింపు లేదు. జైలుకు పోయినోనికి పట్టింపు లేదు. ఆరేండ్ల సంది నీకే ఎందుకున్నదో నాకు సమజ్ గాలే. ఊరంతా ఏమంటాంది? తమ్ముని కోసం కొడుకును ఎల్లగొట్టిండు మార్కండయ్య అంటాంది. నేనెన్నడన్న ఎల్లగొట్టుమన్ననా?"

"అన్లే," అన్నాడు మామ.

"అన్లే. నీ మాట ఇనకుంట పాయె అని ఎల్లగొట్టినవు. నా పేరు జెప్పకు."

"గిన్నొద్దులు ఎందుకనకపోతివి మరి?"

"గా పేరే తియ్యద్దంటివి. పేరు దియ్యకుంట ఎట్లనాలె?"

మామ నాడె మళ్ళీ కదిలింది. చిన్నమామదీ కదిలింది. సగం రాసిన కాయితాన్ని ఏం చెయ్యాలో తెలియక నేను మడిచి పత్రికల కట్టలో పెట్టాను. మామ దాన్ని మళ్ళీ అడగలేదు.

అంతలో అష్టగ్రహ కూటమి వచ్చిపడింది. ఫిబ్రవరి మొదట్లో ఎనిమిది గ్రహాలు ఒకే రాశిలో కూడుతాయనీ, లోకం మునిగిపోతుందనీ ఊరంతా ఒకటే గుసగుస. కొందరు భజనలు పెట్టారు. కొందరు కోళ్ళన్నీ కోసుకుని తిన్నారు. లాల్ బీ ఒక్కతే నిమ్మళంగా ఉంది. "మా ఖయామత్ ఎప్పుడొచ్చేది అల్లాకే ఎరుక. పంచాంగంల రాసి పెడ్తడా?" అనేది. మామ కూడా ఆ మాటలు నమ్మలేదు.

నమ్మిందో లేదో తెలియదు గాని, అత్త మాత్రం ఆ వారమంతా ముభావంగా తిరిగింది. గురువారం పొద్దున మగ్గాల సావిడి నడుమకు వచ్చి నిలబడింది. అట్లా నిలబడటం నేను అంతకుముందు చూడలేదు.

"గాలిల తిరిగే గ్రహాలు ఎనిమిది ఒక్కతాన కూడుతయట," అంది మామతో. "కన్నతల్లి, కొడుకు కూడద్దా? నువ్వు పత్రికల కొట్లాడుకుంటనే ఉండు. నేను రేపు బస్సెక్కుతున్న. కోడలు నా ఎంబడి వస్తది."

మామ తల ఎత్తలేదు.

శుక్రవారం తెల్లవారి నేనూ అత్తా సద్దిమూట కట్టుకుని మోత్కూరు బస్సు ఆగే చోటికి నడిచాం. మామ అక్కడ ముందే నిలబడి ఉన్నాడు. ఉతికిన ధోవతి, భుజాన శాలువా. బస్సు రాగానే ముగ్గురం ఎక్కాం. చిట్యాలలో బస్సు మారాం. మా అన్న దుకాణం ముందు నిలబడి తలా ఒక సోడా తాగాం. అన్న ఏదో అడగబోతే నేను కళ్ళతోనే ఆపాను.

నార్కట్‌పల్లిలో రోడ్లు కలిసే చోట లారీలు బారులు తీరి ఉన్నాయి. బషీర్ దుకాణం వెతకనవసరం లేకుండానే దొరికింది. రేకుల పందిరి, దాని ముందు ఎత్తుగా టైర్లు. ఒక మనిషి కూర్చుని ఇనుపకడ్డీతో టైరును ఊడదీస్తున్నాడు. నేను ఆయనను అంతకుముందు చూడలేదు. అయినా నుదురు చూసి పోల్చుకున్నాను. అచ్చం మామ నుదురు.

అత్త "భిక్షం!" అని పిలిచింది. నడిరోడ్డు మీద, గొంతు చించుకుని, ఒక్కసారి కాదు, నాలుగైదుసార్లు. లారీల వాళ్ళు తిరిగి చూశారు. ఆయన కడ్డీ వదిలేసి లేచాడు. చేతులకు నల్లటి మరక ఉందని తల్లిని ముట్టకుండా చేతులు దూరంగా పెట్టుకుని నిలబడ్డాడు. ఆమె పట్టించుకోలేదు. ఆయన ముఖమంతా తడిమి, ఆయన రొమ్ముకు తల ఆనించి ఏడ్చింది.

మామ పది అడుగుల దూరంలో ఆగిపోయాడు. ఇటు రాడు, వెనక్కి పోడు. బషీర్, పెద్దాయన, లోపలి నుంచి స్టూలు తెచ్చి వేసి, "కూసోండ్రి మార్కండయ్యా," అన్నాడు. పేరు చెప్పకుండానే ఆయనకు తెలుసు. మామ కూర్చోలేదు.

"నీ ఉత్తరంల," అన్నాడు కొడుకుతో, "ఏడో భాగమని రాసినవు."

"అవు బాపూ."

"ఏడోది గాదు, ఐదోది. ఏడో భాగంల నౌకలు కట్టుడున్నది. పిలగాన్ని ఒళ్ళె కూసోబెట్టుకునుడు ఐదో భాగంల వస్తది."

అత్త ఏడుపు ఆపి ఆశ్చర్యంగా భర్త వైపు చూసింది. భిక్షం బావ తల అడ్డంగా ఊపాడు.

"ఏడోదే అనుకుంట బాపూ."

"ఐదోది."

"అరె, దీనికెందుకు జగడం? కట్ట తీసి సూడరాదు?" అన్నాడు బషీర్. "నా దుకాణంల ట్యూబులకన్న గా పత్రికలే ఎక్కువ జాగా పట్టినయి."

బావ పైన చెక్క మీది కట్ట దించాడు. పుటలకు మరక అంటుతుందని తానే తిప్పకుండా మామ వైపు చాపాడు. మామ నా వైపు చూపించి, "కోడలు సూస్తది. సదివేది ఆమెనే," అన్నాడు. నేను మామ ఎదురుగా, తలుపు చాటు లేకుండా, ఎండలో నిలబడి పుటలు తిప్పాను. ఐదో భాగంలో లేదు. ఏడో భాగం మూడో పుటలో ఉంది.

"ఏడోదే మామా."

"సరిగ సూసినవా?"

"సూసిన మామా. ఏడోదే."

మామ కాసేపు రోడ్డు వైపు చూశాడు. ఒక లారీ పోయింది, దుమ్ము లేచింది, మళ్ళీ సర్దుకుంది.

"అయితె తప్పు నాదే," అన్నాడు.

స్టూలు ఉండగానే వచ్చి ఒక టైరు మీద కూర్చున్నాడు. బావ గుడ్డపేలిక తీసుకుని చేతులు తుడుచుకున్నాడు. ఎంతసేపు తుడుచుకున్నాడో. తరువాత వచ్చి తండ్రి పక్కన, ఇంకో టైరు మీద కూర్చున్నాడు. మధ్యాహ్నం బషీర్ బిడ్డ తాహేరా రొట్టెలు, పప్పు తెచ్చింది. మా సద్ది మేము విప్పాం. అందరం కలిసి తిన్నాం.

"ఇంటికి రా బిడ్డా," అంది అత్త, బస్సు వేళకు.

"నాకూ రావాల్ననే ఉన్నదమ్మా. చిన్నాయిన ఏమంటడో."

"వాడేమనడు," అన్నాడు మామ.

"నువ్వంటె గాదు బాపూ. ఆయిన నోటెంబడి ఇనాలె. జైలుకు పోయింది ఆయిన."

మామకు కోపం వస్తుందని నేను భయపడ్డాను. రాలేదు. "గదీ నిజమే," అన్నాడు. ఇంటికి వచ్చాక ఆ మాటను ఉన్నది ఉన్నట్టు తమ్ముడికి చెప్పాడు. చిన్నమామ విని ఊరుకున్నాడు.

లోకం మునగలేదు. కోళ్ళు కోసుకు తిన్నవాళ్ళు మళ్ళీ కోడిపిల్లలను కొనుక్కున్నారు. మార్చిలో కేతులోకం కూడా ముగిసింది. రచయిత విక్రాంతుణ్ణి యుద్ధంలో చంపేశాడు. కొడుకును పిలవకుండానే, ఆ పేరు తలవకుండానే సేనాని చచ్చిపోయాడు. లాల్ బీ రాట్నం ఆపి రచయితను ఏడు తరాలు తిట్టింది. మామ వారం రోజులు సరిగా నెయ్యలేదు. "ముసలోన్ని గంత తొందరగ సంపాల్నా? జర ఆగితే తెలుసుకుంటుండె," అంటూ నాలుగు పుటల ఉత్తరం రాయించాడు. అది అచ్చు కాలేదు.

ఏప్రిల్ చివర ఒక కార్డు వచ్చింది. పత్రికకు కాదు, మా ఇంటికే. నేను గట్టిగా చదివాను. వచ్చే మంగళవారం పొద్దటి బస్సుకు వస్తున్నాననీ, మూడు రోజులు ఉంటాననీ, బషీర్ దగ్గర పని విడిచిపెట్టనుగాని ఇక నెలకోసారి వస్తూ ఉంటాననీ బావ రాశాడు. కింద, చిన్నాయిన ఒప్పుకుంటేనే అని ఇంకొక వాక్యం ఉంది. అదీ చదివాను. చిన్నమామ మగ్గం ఆపలేదు.

మంగళవారం తెల్లవారి వాకిట్లో కళ్ళాపి చల్లుతుంటే, చిన్నమామ ఇంట్లో లేడని తెలిసింది. చిన్నత్తకు కూడా చెప్పకుండా చీకటి ఉండగానే లేచి పోయాడట. అత్త ముఖం వాడిపోయింది. మామ గడపలో నిలబడి బాట వైపు చూస్తూ ఉన్నాడు. ఎండ వచ్చింది. బస్సు వచ్చే వేళ దాటింది.

అప్పుడు మూల మలుపు దగ్గర ఇద్దరు కనిపించారు. ముందు చిన్నమామ, చేతిలో రేకు పెట్టె. వెనక బావ. దగ్గరికి వచ్చేకొద్దీ చూస్తే, బావ పెట్టె అందుకోవడానికి చెయ్యి చాపుతున్నాడు. చిన్నమామ ఇవ్వకుండా రెండో చేతికి మార్చుకుంటున్నాడు. ఇంకా దగ్గరికి వచ్చాక మాటలు వినపడ్డాయి.

"ఇయ్యి చిన్నాయినా. బరువున్నది."

"నాకేం బరువు? నువ్వు నడువు."

మామ గడప దిగాడు. నీళ్ళ బిందె తానే ఎత్తి, వాకిట్లో రాయి పక్కన పెట్టాడు.

"ఇద్దరు కాళ్ళు గడుక్కోని రాండ్రి," అన్నాడు.